కెప్టెన్ గారి కళ్లు

చొక్కా కాలరుకి సబ్బు రుద్దుతూ ఆమె ఆ లెక్కని మనసులో నాలుగోసారి చేసింది. నాలుగోసారీ అదే జవాబొచ్చింది. బేసిన్ నిండి నీళ్లు అంచు దాటి పాదాల మీద పడేదాకా కుళాయి కట్టలేదన్న సంగతే ఆమెకి తెలియలేదు.

తెల్ల చొక్కా. భుజాల మీద నాలుగు బంగారు పట్టీలు తగిలించుకునే చొక్కా. "ఓడలో ఎంతమంది పనివాళ్లున్నా, నా చొక్కా నువ్వు ఉతికితేనే తొడుక్కోబుద్ధవుతుంది," అంటాడు భర్త. పెళ్లయిన కొత్తలో ఆ మాట ముద్దుగా వినిపించేది. ఇరవై రెండేళ్లయ్యాక అది ఇంకో పని, అంతే.

జాకెట్లో దోపుకున్న కాగితం చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. దాని మీద తను వేసిన లెక్క నిజమైతే, మధ్యాహ్నం రెండు గంటల లోపు ఈ ఓడ నీళ్ల కింద దాక్కున్న పగడపు దిబ్బల మీదికి ఎక్కేస్తుంది. ఇరవై ఆరు మంది మనుషులతో, పొట్టనిండా సిమెంటు బస్తాలతో. లెక్క తప్పయితే ఎవరికీ ఏమీ కాదు, తన పరువు పోతుంది. తప్పే అయితే బాగుండునని దండం పెట్టుకుంది. తన లెక్క తప్పు కావాలని మొక్కుకున్న లెక్కల టీచరు ఈ లోకంలో తనొక్కతే అయ్యుంటుంది.

టీచరంటే ఒకప్పటి మాట. పెళ్లికి ముందు నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. త్రికోణమితి అంటే ప్రాణం. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే అత్తగారు ఆ ముచ్చట తీర్చేశారు. "మా వాడు సముద్రాలు దాటే మనిషి, వాడి లెక్కలు వాడు చూసుకుంటాడు. ఇంట్లో ఎవరికి ఎన్ని గరిటెలు వడ్డించాలో తెలిస్తే నీకు చాల్లే." అంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే పొగరంటారు.

కూతుర్ని హాస్టల్లో చేర్చాక, ఇంట్లో ఒక్కతీ ఎందుకని భర్త ఓడ మీదికి తీసుకొచ్చాడు. మొదటి వారమంతా వాంతులు. రెండో వారం అతను పిలిచి ఒక గడియారం ముందు నిలబెట్టాడు. "నేను 'ఇప్పుడు' అనగానే టైము సెకన్లతో సహా రాయి. అంతే, పెద్ద విద్యేం కాదు."

నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో చెప్పే యంత్రాలు ఆ రోజుల్లో ఇంకా రాలేదు. ఆకాశమే దిక్కు. తెల్లవారే ముందు ఓ పావుగంట, పొద్దుగూకాక ఓ పావుగంట, అటు చుక్కలూ ఇటు నీళ్ల అంచు గీతా రెండూ కనబడే వేళ ఉంటుంది. ఆ కాసేపట్లో సెక్స్‌టెంట్‌ని కంటికి ఆనించుకుని, చుక్క ఆ గీతకి ఎంత ఎత్తున ఉందో కొలవాలి. తర్వాత నావికుల పంచాంగం ముందేసుకుని లెక్క కడితే చార్టు మీద, అంటే సముద్రపు పటం మీద, ఒక గీత వస్తుంది. మనం ఆ గీత మీద ఎక్కడో ఉన్నట్టు. మూడు చుక్కలకి మూడు గీతలు. మూడూ కలిసిన చోట ఓడ. ఒక్క సెకను అటూ ఇటూ అయితే పావు మైలు తేడా.

ముందు గడియారం ఆమె పనైంది. తర్వాత పంచాంగం తిరగెయ్యడం, ఆ తర్వాత కూడికలూ తీసివేతలూ. ఏడాది తిరిగేసరికి మొత్తం లెక్క ఆమె ఒళ్లో వచ్చి పడింది. టీ కలపడం, గుండీలు కుట్టడం, మాత్రలు గుర్తు చెయ్యడం, వాటి వరసలో ఇదొకటి. కానీ నిజం చెప్పాలంటే, ఆ వరసలో ఆమె ఇష్టంగా చేసిన పని ఇదొక్కటే.

రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం అతను సెక్స్‌టెంట్ దించి, "ఈ చుక్క రెండుగా కనిపిస్తోందేమిటి?" అన్నాడు. అద్దం తుడిచాడు. మళ్లీ తుడిచాడు. చివరికి కన్ను తుడుచుకున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. మర్నాడు, "ఇదిగో, నువ్వు పట్టుకో. నాకు చెయ్యి వణుకుతోంది," అని ఆ పరికరాన్ని ఆమె చేతికిచ్చాడు. అతని చెయ్యి రాయిలా కదలకుండా ఉంది.

డాక్టరుకి చూపించుకుందామంటే కయ్యిమన్నాడు. "కళ్లు పోయాయని కాగితం మీద పడితే ఆ రోజే నా సర్టిఫికెట్ లాక్కుంటారు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటావ్? నీతో పాటు బట్టలు మడతపెట్టనా?" ఏటా జరిగే కంటి పరీక్షకి బోర్డు మీది అక్షరాలు బట్టీపట్టి గట్టెక్కాడు. బట్టీ పట్టించింది కూడా ఆమే. ఎక్కాలు వల్లె వేయించినట్టు వరసలు వరసలుగా చదివించి, తడబడినప్పుడు పెదాలు కదిపి అందించింది.

చిన్న ఓడ, ముగ్గురే ఆఫీసర్లు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది కెప్టెన్ వంతు. చుక్కల వేళలు రెండూ అతనివే కావడంతో గుట్టు దాగింది. ఆయన తర్వాతి పెద్దని అందరూ మేట్ గారంటారు. ఆయనకి యాభై దాటాయి, బట్టతల, ఉన్నమాట ముఖం మీద అనే రకం. ఓడ నడిపే గదిలో, అదే బ్రిడ్జి మీద, ఆడమనిషి తిరగడం ఆయనకి బొత్తిగా గిట్టదు. మూడో అతను సెకండ్ ఆఫీసర్, ముప్పై ఏళ్లవాడు. అతను మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుణ్ని కొలుస్తాడు. కానీ మూడు రోజులుగా ముసురు. సూర్యుడూ లేడు, చుక్కా లేదు. మూడు రోజులూ వేగాన్నీ దిక్కునీ బట్టి ఓడ ఇక్కడుండి ఉంటుందని అంచనా గీతలు గీసుకుంటూ వచ్చారు. నీళ్లు లోపల్లోపల ఓడని ఎటు లాగుతున్నాయో ఎవరికీ తెలీదు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మేట్ గారు చెంచా ఊపుతూ అన్నాడు. "కెప్టెన్ గారూ, ఈ మధ్య మన ఓడని అమ్మగారే నడుపుతున్నట్టున్నారు! చుక్కలన్నీ ఆవిడే కోసేస్తున్నారు."

బల్ల చుట్టూ నవ్వులు. భర్త అందరికంటే గట్టిగా నవ్వాడు. "మా ఆవిడకి అదో సరదా. ఇంటి దగ్గరుంటే ఊలుతో అల్లుకునేది, ఇక్కడ చుక్కలతో కాలక్షేపం." బల్ల కింద అతని మోకాలు గడగడలాడటం ఆమె మోకాలికి తెలిసింది.

అందుకే ఈ పొద్దున్నే, మబ్బు ఒక్క పావుగంట విడిచినప్పుడు, "ఈ రోజు నేనే తీస్తాను. నువ్వు గడియారం చూడు," అన్నాడు. నాలుగు చుక్కలు తీశాడు. తీస్తున్నంతసేపూ ఆమె చూస్తూనే ఉంది. నీళ్ల అంచుకి కాస్త పైన నల్లటి మబ్బు పట్టీ ఒకటి పరుచుకుని ఉంది. అతను చుక్కని నీళ్ల అంచుకి కాదు, ఆ మబ్బు అంచుకి దించుతున్నాడు. ఆమె నోరు తెరిచింది. పక్కనే చుక్కాని పట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. నలుగురి ముందు మొగుణ్ని సరిదిద్దకూడదని ఆమెకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, అది ఒంట్లోనే ఉంది. నోరు మూసుకుంది.

పెట్టెలో పెట్టమని అతను సెక్స్‌టెంట్ ఇచ్చి లోపలికెళ్లాడు. మబ్బు ఇంకా మూసుకోలేదు. ఆమె చేతులు వాటంతటవే లేచాయి. ఉత్తరాన అభిజిత్తు, తూర్పున శ్రవణం, నైరుతిలో ఎర్రగా జ్యేష్ఠ. నాలుగు నిమిషాల్లో మూడూ తీసింది. కొలతలూ టైములూ అరచేతిలో రాసుకుంది.

తర్వాత కేబిన్‌లో ఎప్పటిలాగే అతని అంకెలు ఆమె ముందు పడ్డాయి. లెక్క కడితే నాలుగు గీతలూ తలో దిక్కుకి పరిగెత్తాయి. మధ్యలో నలభై మైళ్ల ఖాళీ. "నడి మధ్యన చుక్క పెట్టెయ్. చూశావా, మనం అనుకున్న దారి మీదే ఉన్నాం," అన్నాడతను తేలిగ్గా. అప్పుడామె తన మూడు గీతలు గీసింది. మూడూ వచ్చి గోరంత త్రికోణంలో కలుసుకున్నాయి. అతను పెట్టించిన చుక్కకి ఇరవై రెండు మైళ్లు ఉత్తరాన. అక్కణ్నుంచి ఓడ పోతున్న దిక్కుకి స్కేలు ఆనిస్తే, అది సరాసరి దిబ్బల నడుముకి తగిలింది.

"ఏమండీ, ఒక్కసారి ఇది చూడండి."

"చూశాను. నువ్వెక్కడో తప్పావు."

"మూడుసార్లు చేశానండీ. మీరు తీసింది మబ్బు అంచు..."

"అంటే? నాకు నీళ్లేవో మబ్బేదో తెలీదంటావా? పాతికేళ్లుగా నేను గాడిదలు కాస్తున్నానా?" గొంతు పెద్దది చెయ్యలేదు, గోడలు పల్చన. "దారి మార్చాలంటే ఎందుకు మార్చానో మేట్‌కి చెప్పాలి. ఏమని చెప్పను? నిన్న రాత్రే కదా అంత మాటన్నాడు? ఇదిగో, విను. ఆ కాగితం వాడి కంట పడిందంటే నన్ను నువ్వే చేతులారా చంపినట్టు."

ఎనిమిదింటికి మేట్ గారికి బ్రిడ్జి అప్పగించి వచ్చి, అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. విడిచిన చొక్కా కుర్చీ మీద వేశాడు. ఆమె దాన్ని తీసి బేసిన్ దగ్గరికి వెళ్లింది. అలవాటు.

ఇప్పుడు తొమ్మిదిన్నర. గంటకి పది మైళ్లు. తెల్లవారుజాము నుంచి నలభై మైళ్లు అయిపోయాయి, దిబ్బలకి మరో నలభై ఉన్నాయి. తన లెక్క తప్పయితే? భర్తని నడిబజార్లో నిలబెట్టి, చివరికి తనే తప్పయితే? నిజమైతే? దాన్ని ఊహించడానికే మనసు మొరాయించింది. కింద ఇంజను గదిలో నూనె మరకల మనుషులు, వంటగదిలో ఉల్లిపాయలు తరిగే వంటాయన, ఎవరికీ ఏమీ తెలీదు. తెలిసింది ఇద్దరికి. వాళ్లల్లో ఒకరు గురక పెడుతున్నారు.

చొక్కా పిండకుండా అలాగే నీళ్లలో వదిలేసి, చేతులు తుడుచుకుని ఆమె మెట్లెక్కింది. ఇరవై ఒక్క మెట్లు. పదకొండో మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది. మళ్లీ ఎక్కింది.

బ్రిడ్జి అద్దాల మీద వాన బాదుతోంది. ముందు ఏమీ కనబడటం లేదు, బూడిద రంగు తప్ప. మేట్ గారు తిరిగి చూసి మొహం చిట్లించాడు. "ఇప్పుడు చుక్కలుండవమ్మా."

"మనం అక్కడ లేమండీ," అంది.

"ఎక్కడ?"

"చార్టు మీద చుక్క పెట్టిన చోట."

"ఆ సంగతి కెప్టెన్ గారికి చెప్పండి."

"చెప్పాను." చార్టు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "ఆయనకి చుక్కలు కనబడవు. రెండేళ్లుగా నేనే తీస్తున్నాను. ఈ రోజు మాత్రం ఆయన తీశారు."

రెండేళ్లుగా మోస్తున్న మాట. బయటికొచ్చాక చూస్తే ఇంతే ఉంది. చుక్కాని పట్టుకున్న మనిషి మెడ కదిలింది గానీ తల తిప్పలేదు. మేట్ గారు నవ్వలేదు. అదే ఆమెని ఇంకా భయపెట్టింది.

"రెండేళ్లా?" అన్నాడాయన. ఆమె జాకెట్లోంచి తీసిచ్చిన కాగితం అందుకుని, కొలతలు మాత్రం వేరే చీటీ మీద రాశాడు. అసలు కాగితం జేబులో పెట్టుకున్నాడు. "కూర్చోండి. నా ముందు మొదట్నుంచీ చెయ్యండి."

చేసింది. బళ్లో ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డ రోజున కూడా ఇలా చెమటలు పట్టలేదు. పంచాంగంలో అంకెలు చీమల్లా కదులుతున్నాయి. అభిజిత్తు అయింది. శ్రవణం మొదలుపెట్టింది. భుజం మీదుగా ఆయన వేలొచ్చి ఒక అంకె మీద ఆగింది.

"పదమూడులోంచి ఆరు పోతే ఎనిమిదా?"

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. అయిపోయింది. తప్పే. పొద్దున్నుంచీ తప్పే. తనలాంటిది ఇంతమంది బతుకుల మీద కలం పెట్టిందా! కళ్లనిండా నీళ్లొచ్చాయి. లేచి వెళ్లిపోదామనుకుంది.

"ఏడు," అన్నాడాయన కాస్త మెత్తగా. "కొట్టేసి రాయండి. కంగారు పడకండి."

కొట్టేసి రాసింది. జ్యేష్ఠ కూడా పూర్తిచేసింది. గీతలు ఆయనే గీశాడు. మూడూ వచ్చి మళ్లీ గోరంత చోట కలుసుకున్నాయి. పొద్దున కలిసిన చోటే. ఆయన జేబులోంచి అసలు కాగితం తీసి, దానిలో శ్రవణం దగ్గర సరిగ్గా ఏడే ఉందని చూశాడు. కొలత ముల్లు తీసుకుని దిబ్బలదాకా దూరం కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. చేత్తో బట్టతల తుడుచుకున్నాడు. అప్పుడు ఇంజను వేగం సగానికి తగ్గించి, కెప్టెన్ కేబిన్‌కి ఫోన్ చేశాడు.

భర్త వచ్చాడు. నిద్రమొహం, ఒక గుండీ తప్పించి పెట్టుకున్న చొక్కా. చార్టు పక్కన భార్యని చూడగానే ముఖం పాలిపోయింది. "నీకేం పని ఇక్కడ? కిందికి పో."

ఆమె కాళ్లు అప్పటికే తలుపు వైపు తిరిగాయి. మేట్ గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "కెప్టెన్ గారూ, కోప్పడకండి. ఒక్కసారి ఈ లోతు అంకె ఎంతో చదవండి," అని దిబ్బల పక్కనున్న సన్నని అంకె మీద వేలుంచాడు.

అతను వంగాడు. ఇంకా వంగాడు. ముక్కు చార్టుకి తగిలేంత దగ్గరికి వెళ్లాడు. ఆ అంకె రెండున్నర. ఆమెకి తెలుసు. ఆమె పెదాలు అలవాటుగా కదలబోయాయి. పళ్ల మధ్య బిగించి పట్టుకుంది. తనకి తెలిసిన మనిషి, తను ప్రేమించిన మనిషి, ఒక్క అంకె కోసం కళ్లు చికిలించి వెతుక్కుంటుంటే అందించకుండా నిలబడటం, చుక్కల కంటే, లెక్కల కంటే కష్టమైంది.

చాలాసేపటికి అతను నిటారుగా నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు. "దక్షిణానికి తిప్పండి," అన్నాడు నెమ్మదిగా. "నేరుగా దక్షిణానికి."

ఓడ ఒక పక్కకి ఒరిగి తిరిగింది. తర్వాతి రెండు గంటలూ ఆమె బ్రిడ్జి వెనక బెంచీ మీద కూర్చునే ఉంది. వెళ్లమని ఎవరూ అనలేదు. ఎక్కడ కింద రాయి గీరుకుంటుందోనని చెవులు పాదాల్లో పెట్టుకుంది. ఇంజను ఏ మాత్రం దగ్గినా ఊపిరి ఆగిపోయేది.

పన్నెండవుతుండగా వాన వెలిసి, మబ్బు వెనక సూర్యుడు పాలిపోయిన బిళ్లలా కనబడ్డాడు. జరిగిందేదీ తెలియని సెకండ్ ఆఫీసర్ అప్పుడే వచ్చి, చటుక్కున కొలత తీసుకుని, లెక్క కట్టి, బుర్ర గోక్కున్నాడు.

"మేట్ గారూ, నేనెక్కడో తప్పినట్టున్నాను. మనం గీసుకున్న చోటుకి ఇరవై ఒక్క మైళ్లు ఉత్తరాన ఉన్నట్టొస్తోంది."

"తప్పలేదు," అన్నాడు మేట్ గారు, ఆమె వైపు చూస్తూ.

సంతోషం కలగలేదు. అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఈ ఒక్క రోజు సంగతి కాదు. రెండేళ్లలో ఎన్ని తెల్లవారుజాములు, ఎన్ని సాయంత్రాలు! జ్వరంతో చేసిన లెక్కలున్నాయి. ఏడుస్తూ చేసినవున్నాయి. పొయ్యి మీద పాలు చూసుకుంటూ చేసినవున్నాయి. ఏ ఒక్కదాన్లో ఆరు ఏడై ఉన్నా అడిగేవాడు లేడు, దిద్దేవాడు లేడు. ఎందుకంటే ఆ పని చేస్తున్న మనిషే లేదు. ఉన్నదల్లా కెప్టెన్ గారి భార్య సరదా.

మూడు గంటలకి కేబిన్‌లోకి వచ్చాడతను. మేట్ గారితో చాలాసేపు మాట్లాడినట్టుంది. ముఖం తేటపడింది. పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్నే!"

ఇరవై రెండేళ్లుగా ఈ మాట ఎలా ఉంటుందో అనుకునేది. చాలా బాగుంది. ఒక్క క్షణం అతని భుజం మీద తల వాల్చేద్దామనిపించింది.

"మేట్ మంచివాడు," అన్నాడతను. "రేవు చేరేదాకా నోరు విప్పనన్నాడు. నేను నెమ్మదిగా ఒప్పిస్తాను. నువ్వు తీసినవి ఆయనొకసారి సరిచూస్తాడు, అంతే. నాకింకా మూడేళ్లే సర్వీసు. మూడేళ్లు కళ్లు మూసుకుంటే అయిపోతాయి."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ సాయంత్రం నేను రావడం లేదండీ."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. చుక్కల వేళ మేట్ గారు పైకొస్తారు. నేనే అడిగాను. రేవు చేరగానే మీరు కంపెనీకి చెప్పండి, డాక్టరు దగ్గరికి నేను తోడొస్తాను." ఆగి, ఇంకో మాట చేర్చింది. "మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

అతనికి కోపం వస్తుందని కాచుకుని కూర్చుంది. రాలేదు. అతను ఆమె వైపు వంగి, పొద్దున చార్టుని చూసినట్టే, కళ్లు చికిలించి ఆమె ముఖాన్ని వెతికాడు. ఒళ్లంతా వణుకుతున్న మనిషి కనిపించిందో లేదో.

"ఇంత పని చెయ్యడానికి నీకు భయం వెయ్యడం లేదా?" అన్నాడు.

"వేస్తోందండీ," అంది. "రెండేళ్లుగా రోజూ రెండు పూటలా వేస్తూనే ఉంది. మీరు అడగడమే ఇది మొదటిసారి."